మారినదానినే మరల చేయు విద్య: ‘మేక్’ పుట్టుపూర్వోత్తరములు

అర్ధసంవత్సర పరీక్షలు ముగిసినవి. పదవ తరగతి ఉపాధ్యాయుడు ఆరు సబ్జెక్టుల మార్కులను రిజిస్టరులో ఎక్కించి, ప్రతి విద్యార్థికి మొత్తము కట్టి, ఆ మొత్తములనుబట్టి ర్యాంకులు వేసి, ప్రగతిపత్రములు వ్రాసి ప్రధానోపాధ్యాయుని సంతకమునకు సిద్ధపరచినాడు. అంతలో లెక్కల మాస్టరు వచ్చి, “ఒక పిల్లవాని జవాబుపత్రములో నాలుగు మార్కులు కలుపుట మరచితినండీ” అన్నాడు. ఇప్పుడేమి చేయవలెను? నలభైమంది జవాబుపత్రములను మరల దిద్దనక్కరలేదు. ఆ పిల్లవాని మొత్తము మారును. మొత్తము మారినందున కొందరి ర్యాంకులు మారవచ్చును. ఆ పిల్లవాని పత్రమును, ర్యాంకు మారినవారి ప్రగతిపత్రములను తిరిగి వ్రాయవలెను. తక్కినవి ఉన్నవి ఉన్నట్లే ఉండవచ్చును.

ఈ పనిలో రెండు విధముల పొరపాటు జరుగవచ్చును. భయపడి అన్నింటిని మొదటినుండి తిరిగి వ్రాయుట ఒకటి. దీనివలన రెండు రోజులు వృథా అగును గాని ఫలితము సరిగానే ఉండును. ర్యాంకు మారిన ఒక్క పిల్లవాని పత్రమును తిరిగి వ్రాయుట మరచిపోవుట రెండవది. అప్పుడు రిజిస్టరులో ఒక సంగతి, ఇంటికి వెళ్ళిన పత్రములో మరొక సంగతి ఉండును. మొదటిది నష్టము మాత్రమే. రెండవది అసత్యము. పైగా ఆ పత్రము తక్కిన పత్రములవలెనే చక్కగా కనిపించును గనుక దానిని ఎవ్వరును శంకింపరు.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ చిక్కు ప్రతిదినము ఎదురగుచుండును. దీనిని తీర్చుటకు 1976లో ఒక చిన్న సాధనము పుట్టినది. దాని పేరు ‘మేక్’. ఆంగ్లములో ఆ మాటకు ‘చేయు’ అని అర్థము. తరగతిలో ఈ పేరు మొదటిసారి చెప్పినపుడు వెనుక బల్లలనుండి మేక అరుపు వినిపించుట నాకు అలవాటైనది. నవ్వులు సద్దుమణిగిన తరువాత నేను చెప్పు కథనే ఇక్కడ వ్రాయుచున్నాను. ఇది ముఖ్యముగా మనుష్యుని మరపును గూర్చిన కథ.

ముక్కలుగా వ్రాయుట ఎట్లు వచ్చినది?

కంప్యూటరులు వచ్చిన కొత్తలోనే, ఒకసారి వ్రాసి సరిచూచిన ముక్కను పలుమారులు వాడుకొనవలెనను ఆలోచన కలిగినది. 1949 మే నెలలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో ఎడ్సాక్ అను కంప్యూటరు పనిచేయ మొదలిడినది. అక్కడి మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అనువారు, తరచుగా కావలసివచ్చు గణనములకు చిన్న చిన్న ప్రోగ్రాములను కాగితపు టేపులపై చిల్లులుగా పొడిచి, ఒక గ్రంథాలయమువలె భద్రపరచినారు. ఎవరికి ఏ ముక్క కావలెనో వారు దానిని తీసి తమ ప్రోగ్రాములో చేర్చుకొనెడివారు. ఈ పద్ధతిని వివరించుచు వారు మువ్వురును 1951లో ఒక గ్రంథము ప్రకటించినారు.

1957లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ నాయకత్వమున ఫోర్‌ట్రాన్ అను భాష వెలువడినది. మనుష్యుడు చదువుకొనదగిన భాషలో వ్రాసినదానిని యంత్రమునకు తెలియు ఆదేశములుగా మార్చు ప్రోగ్రామును కంపైలరు అందురు. తొలి ఫోర్‌ట్రానులో ప్రోగ్రామునంతను ఒక్కసారిగా కంపైలు చేయవలసివచ్చెడిది. ఒక్క అక్షరము మార్చినను పని అంతయు మొదటికి వచ్చెడిది. 1958లో వచ్చిన రెండవ ఫోర్‌ట్రాన్ ఈ బాధను తగ్గించినది. అందులో ప్రోగ్రాములోని ఒక్కొక్క భాగమును విడివిడిగా కంపైలు చేసి, తరువాత అన్నింటిని కలుపుకొనవచ్చును.

ఈ సౌకర్యముతోపాటు ఒక కొత్త బాధ్యత వచ్చిపడినది. మనము చేతితో వ్రాసిన ఫైలును మూల ఫైలు అందము. కంపైలరు దానినుండి తయారుచేయు ఫైలును ఆబ్జెక్టు ఫైలు అందురు. ఆబ్జెక్టు ఫైలులనన్నింటిని లింకరు ఒకటిగా కలిపినపుడు నడువదగిన ప్రోగ్రాము సిద్ధమగును. ఇరువది మూల ఫైలులు ఉన్న ప్రోగ్రాములో మూడింటిని మార్చితిమనుకొనుడు. ఆ మూడింటినే కంపైలు చేసి లింకు చేసిన చాలును. కాని ఏ మూడు మార్చితిమో జ్ఞాపకముండవలెను. అనేక ఫైలులకు ఉమ్మడియైన నిర్వచనములను హెడరు అను ప్రత్యేక ఫైలులో ఉంచుదురు. ఆ హెడరును మార్చినచో, దానిని ఏయే ఫైలులు వాడుకొనుచున్నవో అవియు జ్ఞాపకముండవలెను. యంత్రమునకు శ్రమ తగ్గినది. మనుష్యుని జ్ఞాపకముపై భారము పెరిగినది.

వృథాయైన ఒక ఉదయము

1969లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున మరేహిల్ అను చోట, బెల్ ప్రయోగశాలలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్స్ అను నిర్వాహక వ్యవస్థను ప్రారంభించినారు. 1973 నాటికి దానిని రిచీ రూపొందించిన ‘సి’ భాషలో తిరిగి వ్రాసినారు. ఆ ప్రయోగశాలలలో చిన్న చిన్న సాధనములను తయారుచేసి ఒకరికొకరు ఇచ్చుకొను ఆచారము బలముగా ఉండెడిది. అక్కడ పనిచేసినవారిలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ఒకడు. అతడు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములో ఖగోళ భౌతికశాస్త్రము చదివి, ఎం.ఐ.టి.లో అనువర్తిత గణితమున డాక్టరేటు పొందినవాడు.

1976లో ఒకనాడు స్టీఫెన్ జాన్సన్ అను సహోద్యోగి కోపముతో ఫెల్డ్‌మన్ గదిలోనికి వచ్చినాడు. ఈ జాన్సన్ సామాన్యుడు కాడు. భాషల వ్యాకరణమును ఇచ్చినచో దానిని గుర్తించు ప్రోగ్రామును తానే వ్రాసిపెట్టు ‘యాక్’ అను ప్రసిద్ధ సాధనమును నిర్మించినవాడు. అతని ఉదయమంతయు ఒక తప్పును వెదకుటలో గడచినది. తీరా చూడగా ఆ తప్పును అతడు అంతకుముందే దిద్దియున్నాడు! మూల ఫైలు సరిగానే ఉన్నది. దానిని తిరిగి కంపైలు చేయుట మాత్రము మరచినాడు. అందుచేత పాత ఆబ్జెక్టు ఫైలే ప్రోగ్రాములో కలిసి, పాత తప్పునే చూపుచు వచ్చినది. సరియైన ప్రోగ్రాములో లేని తప్పును వెదకుటకంటె విసుగు పుట్టించు పని మరొకటి ఉండదు గదా!

విచిత్రమేమనగా, ఫెల్డ్‌మన్ కూడ ముందటి సాయంకాలము అటువంటి అవస్థనే పడియుండినాడు. దీనికి ఒక ఉపాయము చూడవలెనని అతనికి తోచినది. మొదట, ఫైలులను చదివి వాని సంబంధములను తానే కనిపెట్టు పెద్ద సాధనమును ఊహించినాడు. తరువాత ఆ ఆలోచనను కుదించి, సంబంధములను మనుష్యుడే ఒక ఫైలులో వ్రాసియిచ్చునట్లు ఏర్పాటుచేసినాడు. ఆ వారాంతములోనే మేక్ తయారైనది. అంతవరకు ప్రతి ప్రోగ్రాముతోపాటు, దానిని నిర్మించుటకు కావలసిన ఆదేశములను వరుసగా వ్రాసిన చిన్న ఫైలు ఒకటి ఉంచుకొనుట వాడుక. అటువంటి ఫైలు ప్రతిసారియు అన్నింటిని చేయును. ఏది అవసరము, ఏది అనవసరము అని ఎంచుకొను తెలివి దానికి లేదు.

మూడు మాటల వ్యాకరణము

మేక్ చదువుకొను ఫైలును మేక్‌ఫైలు అందురు. నిజమైన మేక్‌ఫైలులో ఫైలుల పేర్లు సాధారణముగా ఆంగ్లాక్షరములలో ఉండును. విషయము స్పష్టమగుటకు మన ప్రగతిపత్రమునకే ఒక మేక్‌ఫైలు వ్రాసి చూతము.

ప్రగతిపత్రము : మొత్తము ర్యాంకు
	పత్రము వ్రాయుము
ర్యాంకు : మొత్తము
	ర్యాంకులు వేయుము
మొత్తము : తెలుగు హిందీ ఆంగ్లము లెక్కలు సైన్సు సాంఘికము
	మార్కులు కూడుము

ప్రతి నియమములోను మూడు అంగములున్నవి. చుక్కలకు ఎడమనున్నది మనకు కావలసిన ఫలము. కుడినున్నవి దానికి ఆధారములు. క్రింది పంక్తిలో ఉన్నది ఆ ఆధారములనుండి ఫలమును సాధించు విధానము. వంటల పుస్తకములోని విధానమునకు ఆంగ్లములో ఏ పేరున్నదో, ఈ అంగమునకు తరువాతి కాలమున ఆ పేరే స్థిరపడినది.

ఇక మేక్ ఎట్లు ఆలోచించునో చూడుడు. ఫైలును చివరిసారి మార్చిన సమయమును యూనిక్స్ ఎల్లప్పుడు గుర్తుంచుకొనును. ఫెల్డ్‌మన్ కొత్త రిజిస్టరు ఏదియు పెట్టక ఈ గుర్తునే వాడుకొన్నాడు. ‘మొత్తము’ను ఉదయము 10:30కి కట్టితిమి. ‘లెక్కలు’ ఫైలును 11:00కి సవరించితిమి. ప్రగతిపత్రము కావలెనని అడుగగానే మేక్ దాని ఆధారములను, ఆ ఆధారముల ఆధారములను వెదకుచు క్రిందివరకు దిగును. ఆధారము ఫలముకంటె కొత్తదైనచో ఆ ఫలమును మరల చేయించును. ‘లెక్కలు’ కొత్తది గనుక మొత్తమును తిరిగి కట్టించును. మొత్తము కొత్తదైనందున ర్యాంకును, ఆ రెంటివలన పత్రమును తిరిగి చేయించును. ఏమియు మారనిచో, అంతయు తాజాగా ఉన్నదని చెప్పి ఊరకుండును.

ఇందులో గమనింపదగిన విశేషము మరొకటి ఉన్నది. పై నియమములను ఏ క్రమములో వ్రాసినను ఫలితము ఒకటే. మొదట వ్రాసిన ఫలమునే మేక్ గమ్యముగా తీసుకొనునని మాత్రము గుర్తుంచుకొనిన చాలును. మొదట ఏది, తరువాత ఏది అని మనము చెప్పలేదు. దేనిపై ఏది ఆధారపడునో మాత్రమే చెప్పితిమి. క్రమమును మేక్ తానే కట్టుకొన్నది. గణితజ్ఞులు ఇటువంటి సంబంధములను బిందువులుగాను బాణములుగాను గీసి, చక్రములు లేని దిశాయుత రేఖాజాలము అందురు. పెద్ద రేఖాజాలములోని పనులను వరుసలో పెట్టు పద్ధతిని గూర్చి ఆర్థర్ కాన్ 1962లోనే ఒక వ్యాసము ప్రకటించినాడు. ‘చక్రములు లేని’ అను షరతు ముఖ్యము. మొత్తమునకు ర్యాంకు, ర్యాంకునకు మొత్తము ఆధారమైనచో పని ఎక్కడ మొదలుపెట్టగలము?

మేక్ త్వరలోనే బెల్ ప్రయోగశాలలను దాటినది. 1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతోపాటు లోకమునకు అందినది. ఆ సంవత్సరమే ఫెల్డ్‌మన్ దానిని వివరించు వ్యాసమును ప్రచురించినాడు. 2003 సంవత్సరపు సాఫ్ట్‌వేర్ వ్యవస్థా బహుమానమును అమెరికాలోని కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘమైన ఏ.సి.ఎం. ఈ చిన్న సాధనమునకుగాను అతనికి ఇచ్చినది.

కనిపించని ట్యాబ్

మన మేక్‌ఫైలులో విధానము వ్రాసిన పంక్తులు కొంచెము లోపలికి జరిగియున్నవి. ఆ ఖాళీ కీబోర్డుపై ట్యాబ్ మీట నొక్కగా వచ్చినదై ఉండవలెను. ఎనిమిదిసార్లు స్పేస్ మీట నొక్కినను కంటికి అట్లే కనిపించును గాని మేక్ అంగీకరింపదు. విభాజకము లోపించినదని చెప్పి ఆగిపోవును. మా ప్రయోగశాలలో ఒక విద్యార్థిని దీనికై అరగంట తల బ్రద్దలుకొట్టుకొని, చివరకు కంటనీరు పెట్టుకొన్నంత పని చేసినది. కనిపించని అక్షరమును కన్ను ఎట్లు పట్టగలదు?

ఈ వింత నియమమునకు కారణమును ఫెల్డ్‌మనే దాపరికము లేక చెప్పియున్నాడు. అప్పుడప్పుడే వచ్చిన ‘లెక్స్’ అను సాధనమును నేర్చుకొనవలెనని అతడు మేక్ తయారీలో దానిని వాడబోయి చిక్కుపడినాడు. తప్పించుకొనుటకు, పంక్తి మొదట ట్యాబ్ ఉన్నచో అది విధానము అని తేలిక నియమము పెట్టుకొన్నాడు. అది పనిచేసినది. కొన్ని వారములకే సుమారు డజనుమంది మిత్రులు మేక్‌ను వాడసాగినారు. వారి ఫైలులు చెడిపోవునను మొగమాటముతో అతడు నియమమును మార్చలేదు. పన్నెండుమందికి ఇబ్బంది కలుగరాదని విడిచినది, తరువాత వచ్చిన లక్షలాదిమందికి సంక్రమించినది. 2010లో ఒక మేక్ కూర్పు ట్యాబుకు మారుగా వేరొక గుర్తును ఎంచుకొను వీలు కల్పించినను, పాత అలవాటే నేటికిని చెల్లుచున్నది.

మేక్ నమ్మునది ఏమిటి?

మేక్ రెండింటిని నమ్మును: గడియారమును, మనము వ్రాసిన ఆధారముల పట్టికను. ఈ రెండును తప్పుచెప్పినచో మేక్ కూడ తప్పుచేయును.

మొదట గడియారము సంగతి. 1980ల నడుమ, ఒక కంప్యూటరులోని ఫైలులను మరొక కంప్యూటరు తంతుల ద్వారా వాడుకొను పద్ధతులు వ్యాపించినవి. రెండు యంత్రముల గడియారములు ఐదు నిమిషములు తేడాగా ఉన్నచో, ఇప్పుడే మార్చిన ఫైలు పాతదిగా కనిపించవచ్చును. లేదా రేపటి ఫైలువలె కనిపించవచ్చును. అందుచేత నేటి మేక్ భవిష్యత్తు సమయము గల ఫైలును చూచినపుడు హెచ్చరించును. గడియారమునకు బదులు ఫైలులోని సారమునుండి గణించిన ఒక సంఖ్యను వ్రేలిముద్రవలె పోల్చు సాధనములును తరువాత వచ్చినవి. గూగుల్ సంస్థ 2015లో బయటపెట్టిన బేజెల్ అట్టిది.

ఆధారముల పట్టిక ఇంకను సున్నితమైనది. ‘సాంఘికము’ అను మాటను మొత్తపు నియమములో వ్రాయుట మరచితిమనుకొనుడు. సాంఘికము మార్కులు ఎన్నిసార్లు మారినను మేక్‌కు పట్టదు. అంతయు తాజాగా ఉన్నదనియే చెప్పును. జాన్సన్ పడిన పాత బాధ ఈసారి మేక్ ముద్రతోనే తిరిగివచ్చును. ‘సి’ ప్రోగ్రాములలో హెడరు ఫైలుల విషయమున ఇట్టి లోపములు తరచుగా జరుగుటచే, ఆ పట్టికను కంపైలరే తయారుచేసి ఇచ్చు సౌకర్యమును ఏర్పరచినారు.

మేక్‌ను అమర్చుకొనుటలో మరొక గోతి ఉన్నది. కంపైలరు పేరును, దానికిచ్చు సూచనలను మేక్‌ఫైలు మొదట చరరాశులుగా వ్రాయుదురు. బీజగణితములో ‘క్ష’కు విలువ ఇచ్చినట్లే, ఒక్కచోట మార్చిన చాలును. కాని ఆ విలువను మార్చినపుడు ఏ మూల ఫైలు సమయమును మారదు గదా! కనుక మేక్ పాత సూచనలతో తయారైన ఆబ్జెక్టు ఫైలులనే తాజావిగా ఎంచును. అనుభవజ్ఞులు ఇట్టి సందర్భములలో ‘మేక్ క్లీన్’ అని చెప్పి, తయారైనవన్నియు తుడిచివేసి మొదటినుండి చేయించుదురు. అది నలభైమంది పత్రములను తిరిగి వ్రాయుటవంటిదే. పట్టికపై నమ్మకము చాలనిచోట మనుష్యుడు తీసుకొను జాగ్రత్త అది.

ఒకేసారి అనేక పనులు చేయు యంత్రములు వచ్చిన తరువాత ఈ పట్టిక విలువ మరింత తెలిసినది. రెండు పొయ్యిలున్న వంటింట్లో ఒకదానిపై అన్నము, రెండవదానిపై పప్పు ఏకకాలమున ఉడుకవచ్చును. కాని పప్పు ఉడుకకముందు తాలింపు పెట్టరాదు. ఆధారములను సరిగా వ్రాసినచో మేక్ కూడ విడి పనులను ఒకేసారి నడుపగలదు. ఒక ఆధారము వ్రాయుట మరచినను, వరుసగా చేసినపుడు అదృష్టవశమున పని జరిగిపోవచ్చును. ఒకేసారి చేసినపుడు ఆ లోపము బయటపడును. 1998లో పీటర్ మిల్లర్ ఒక వ్యాసములో ఇటువంటి హెచ్చరికయే చేసినాడు: పెద్ద ప్రోగ్రామును శాఖలుగా విడదీసి, శాఖకొక మేక్‌ఫైలు పెట్టినచో, శాఖల నడిమి ఆధారములు ఏ పట్టికలోను కనిపింపకపోవునని.

పేరడుగక పరీక్షించు పద్ధతి

1980లలో యూనిక్స్ అనేక రూపములు దాల్చినది. ఒక్కొక్క కంప్యూటరు కంపెనీ తన యంత్రమునకు తన యూనిక్స్ తయారుచేసినది. ఒకచోటనున్న ఫంక్షన్ మరొకచోట లేదు; ఒకచోట పూర్ణసంఖ్యకు ఇచ్చిన స్థలము మరొకచోట లేదు. పరులు వ్రాసిన ప్రోగ్రామును తెచ్చుకొన్నవాడు, దాని మేక్‌ఫైలును తెరచి తన యంత్రమునకు తగినట్లు చేతితో దిద్దుకొనవలసివచ్చెడిది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమము, తన ప్రోగ్రాములను ఎవరైనను తమ యంత్రముపై నిర్మించుకొనగలుగవలెనని కోరినది. గ్నూ మేక్‌ను స్టాల్‌మన్, రోలండ్ మెక్‌గ్రాత్ అనువారు వ్రాసినారు. నేడు ఎక్కువ వాడుకలో ఉన్న మేక్ ఇదియే.

1991లో ఆ సంస్థకు పనిచేయుచున్న డేవిడ్ మెకెంజీ ‘ఆటోకాన్ఫ్’ అను సాధనమును ప్రారంభించినాడు. ఇది ‘కాన్ఫిగర్’ అను ఒక ఫైలును తయారుచేయును. మేక్‌కు ముందు ఆ ఫైలును నడుపవలెను. అది ఏమి చేయునో సైన్సు విద్యార్థులు శ్రద్ధగా చూడవలెను. యంత్రపు పేరు, కంపెనీ పేరు చూచి ఇందులో ఇవి ఉండును అని అది సాధారణముగా ఊహింపదు. ఒక ఫంక్షన్ ఉన్నదో లేదో తెలియవలెనన్న, ఆ ఫంక్షన్‌ను వాడు నాలుగు పంక్తుల ప్రోగ్రామును అప్పటికప్పుడు వ్రాసి కంపైలు చేసి చూచును. జరిగినచో ఉన్నట్లు, జరుగనిచో లేనట్లు. సీసాపై చీటీని నమ్మక, లిట్మస్ కాగితము ముంచి చూచు రసాయనశాస్త్రజ్ఞుని పద్ధతి ఇది. ఇట్లు వందలకొలది చిన్న ప్రయోగములు చేసి, ఆ ఫలితములనుబట్టి ఆ యంత్రమునకు తగిన మేక్‌ఫైలును వ్రాసియిచ్చును. కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అను మూడు మెట్లు ఒక తరమువారికి నోటిపాఠమైనవి.

2000 సంవత్సరమున అమెరికాలోని కిట్‌వేర్ సంస్థ, వైద్యచిత్రములను విశ్లేషించు ఒక ప్రభుత్వ పథకమునకై సీమేక్‌ను నిర్మించినది. అదియు మనుష్యుడు వ్రాసిన వివరణనుండి ఆయా యంత్రములకు తగిన మేక్‌ఫైలులను తయారుచేయునదే. మన ఆండ్రాయిడు ఫోనుల అడుగుననుండు లినక్స్ కెర్నెల్ నేటికిని గ్నూ మేక్‌తోనే నిర్మితమగుచున్నది. అందులో వేలకొలది అంశములలో ఏవి కావలెనో ఎంచుకొనగా, ఆ ఎంపికలు ఒక ఫైలులో నిలిచి మేక్‌కు మార్గము చూపును.

అర సెకను ఆలస్యము

కాని ఈ సౌకర్యమునకు చెల్లించిన మూల్యము ఒకటి ఉన్నది. మొదటి మేక్‌ఫైలును ఎవరైనను చదివి అర్థము చేసుకొనగలిగెడివారు. ఆటోకాన్ఫ్ తయారుచేయు కాన్ఫిగర్ ఫైలు వేలకొలది పంక్తులు ఉండును. దానిని యంత్రము వ్రాసినది, యంత్రమే చదువును. మనుష్యుడు తెరచి చూచుట అరుదు.

2024లో ఈ చూడని చోటనే ఒకరు మాటువేసినారు. ఎక్స్‌జెడ్ అనునది ఫైలులను కుదించుటకు అనేక లినక్స్ యంత్రములలో వాడు ప్రోగ్రాము. మారుపేరుతో చేరి, ఏండ్ల తరబడి ఓపికగా సాయపడి, నమ్మకము సంపాదించిన ఒక వ్యక్తి దాని 5.6.0, 5.6.1 కూర్పులలో రహస్యద్వారము నుంచినాడు. అందరు చూచు మూల ఫైలులలో దాని జాడ తేటగా లేదు. పరీక్షలకొరకు ఉంచినట్లున్న కుదించిన ఫైలులలో విషము దాగియుండినది. కాన్ఫిగర్ తయారీకి తోడ్పడు ఒక చిన్న ఫైలులో దానిని బయటికి తీయు ఆదేశము ఉండినది. ఆ మార్చిన ఫైలు బహిరంగ భాండారములో లేదు. పంచిపెట్టిన కట్టలో మాత్రమే ఉన్నది. కాన్ఫిగర్ నడచునపుడు మేక్‌ఫైలు మారిపోవును. మేక్ నడచునపుడు ఒక అన్య ఆబ్జెక్టు ఫైలు కలిసిపోవును. మేక్ తన ధర్మమును తాను చక్కగా నిర్వర్తించినది. వ్రాసినదే చేసినది.

దీనిని పట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు. దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు ఎప్పటికంటె సుమారు అర సెకను ఎక్కువ పట్టుచున్నదని అతడు గమనించినాడు. ఏదో యంత్రదోషమని వదలివేయక, కారణమును వెదకుచు పోయి ఈ ద్వారమును కనుగొని 2024 మార్చి 29న లోకమునకు తెలిపినాడు. ఆ కూర్పులు సర్వత్ర వ్యాపింపకముందే తొలగింపబడినవి. దినదినము మన బ్యాంకులు, ఆసుపత్రులు, రైళ్ళు ఆధారపడు యంత్రములలో ఎన్నియో లినక్స్‌తో నడుచుచున్నవని తలచినచో, ఆ అర సెకను విలువ బోధపడగలదు.

ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. 1976లో జాన్సన్ దిద్దిన ఫైలు, నడచిన ప్రోగ్రాము ఒకటి కాకపోయినవి, కారణము మరపు. 2024లో జనులు చూచిన ఫైలులు, నడచిన ప్రోగ్రాము ఒకటి కాకపోయినవి; కారణము మోసము. చదివిన దానినుండియే ఈ ప్రోగ్రాము పుట్టినదా అను ప్రశ్న రెండింటను ఒకటే. మేక్ మన మరపును తన తలపై వేసుకొన్నది. పట్టికలో ఉన్నది నిజమా అని విచారించు పనిని మాత్రము మనకే విడిచినది.

ఉపాధ్యాయులు దీనిని కంప్యూటరు లేకయే తరగతిలో బోధింపవచ్చును. సైన్సు ప్రదర్శనకో, పాఠశాల వార్షికోత్సవమునకో కావలసిన పనులను పిల్లలచేత పట్టికగా వ్రాయించి, దేనిపై ఏది ఆధారపడునో బాణములతో గీయించుడు. తరువాత ముఖ్యఅతిథి వచ్చు తేదీ మారినదని ప్రకటించి, ఏ పనులు తిరిగి చేయవలెనో అడుగుడు. తప్పక ఒక బాణము గీయుట మరచియుందురు. ఆహ్వానపత్రము అచ్చు మారునని చెప్పి, పందిరివానికి కబురుపెట్టుటను వదలివేయుదురు. ఆ వదలిన బాణము ఏదియో పిల్లలే కనిపెట్టిననాడు వారికి మేక్ అర్థమైనట్లే.